బాత్రూం ముందు గుంత

మా మామ అశ్వత్థప్ప బాత్రూం దాకా బాగానే నడిచి వస్తాడు. గుమ్మం ముందు ఆగి కిందికి చూస్తాడు. ఇంక చెయ్యి పట్టి లాగినా కదలడు. నిలబడ్డచోటే పంచ తడిసిపోతుంది.

వారం రోజులుగా ఇదే. మతిమరుపు వచ్చి రెండేళ్ళయినా ఈ ఒక్క పనికి ఆయన ఎవరినీ పిలిచింది లేదు.

"ఆదివారం నాయన్ను జిగణిలో ఆ ముసలోళ్ళ హోముకు తీస్కపోతా," అన్నాడు నా మొగుడు దర్శన్, పంచ పిండుతూ. "నువ్వు బిడ్డను చూస్తావా, ఆయప్పను చూస్తావా?"

"మీ నాయనే కదా."

"అందుకే నేను ఉతుకుతా ఉండాను."

మా బిడ్డ ఆశకు పదకొండు నెలలు, ఇప్పుడే అడుగులు వేస్తోంది. ఎక్కడ పడుతుందోనని నాకు ఒకటే దిగులు. మంచం కోళ్ళకు గుడ్డలు చుట్టాను. బాత్రూం ముందు తడిలో జారకుండా పోయిన వారమే నల్ల రబ్బరు మ్యాటు వేశాను. ఇప్పుడు ఈ ముసలాయన. అయినా రోజూ అక్కడ ఆగి ఏం చూస్తాడు? మతి పోయింది గానీ కళ్ళు పోలేదు కదా.

శుక్రవారం పొద్దున పొయ్యి ఆపి ఆయన వెనకే వెళ్ళాను. ఈసారి లాగలేదు, ఊరికే నిలబడ్డాను. ఆయన మెల్లగా మ్యాటు అంచున కూర్చుని రెండు కాళ్ళూ దాంట్లోకి దించబోయాడు. పాదాలు నేలకు తగిలేసరికి తెల్లబోయాడు. కుడిచెయ్యి మాత్రం తల పైన గాలిలో తడుముతోంది.

"ఏం వెతకతా ఉండావు మామా?"

"తాడు. ఎవురో ఇప్పేసినారు."

కబ్బన్‌పేటలో నలభై ఏళ్ళు గుంట మగ్గం నేసిన మనిషి. గుంత అంచున కూర్చుని, కాళ్ళు లోపల పెట్టి తొక్కుతూ, పైన వేలాడే తాడు లాగడమే ఆయన బతుకు.

అంతలో ఆశ తప్పటడుగులతో మ్యాటు మీదికి రాబోయింది. ఆయన బిడ్డ గౌను పట్టి గుంజి ఎదకు హత్తుకున్నాడు.

"గుంత మూయకుండా బిడ్డను ఇడిస్తారామ్మా?"

మ్యాటు చుట్టి మిద్దె మీద పడేశాను. నేల రంగులోనే ఉన్న పాత తువ్వాలు పరిచి, అంచులకు టేపు అంటించాను. అది కదులుతుందేమోనని పదిసార్లు తొక్కి చూశాను.

శనివారం సాయంత్రం దర్శన్ చూస్తుండగానే ఆయన గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఒక కాలితో తడిమాడు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

"ఏం చేసినావే?"

"గుంత పూడ్చినా."

దర్శన్ ఫోన్ తీసుకుని, రేపు రావడం లేదని జిగణికి చెప్పాడు.

మామ బయటికి వచ్చి తువ్వాలు వైపు చూశాడు. "పూడ్చినారా? మంచిపని. బిడ్డ తిరిగే ఇల్లు." రెండడుగులు వేసి ఆగాడు. "మరి మగ్గం యాడ పెడతారు?"

"యాడ పెడదాం మామా? నువ్వే చెప్పు."

ఆయన గోడ వెంబడి జానలతో కొలవడం మొదలుపెట్టాడు. ఆశను చంకనేసుకుని, ఆయన ఎక్కడెక్కడ ఆగుతాడో చూస్తూ వెనకే నడిచాను.