పంపు కూత

కనకరాజుకి ఏం చెప్పినా "ఆయ్" అంటాడని వాళ్ల ఊళ్లో చిన్నా పెద్దా అందరికీ తెలుసు. నోట్లో నాలుక లేనివాడని కొందరూ, గల్ఫ్ వెళ్లాక పొగరెక్కిందని కొందరూ అనుకునేవారు. భార్య సత్యదుర్గ మాత్రం, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా కాపురం అని తోడికోడలి దగ్గర వాపోయేది. మొదట్లో నవ్వుతూనే అనేది. ఈ నాలుగేళ్లుగా నవ్వడం మానేసింది.

నాలుగేళ్ల కిందట ఆమెకి ఏడో నెలలో కడుపు పోయింది. ఆ కబురు మరిది మెసేజీ పెట్టాడు. మర్నాడు అమలాపురం ఆసుపత్రి మంచం మీంచి ఆమే ఫోను చేసింది. ఎన్నడూ ఏదీ అడగని మనిషి, ఒక్కసారి వచ్చి వెళ్లండి, నేనుండలేకపోతున్నాను అని అడిగింది. "ఆయ్, సరే, ఒళ్లు జాగ్రత్త" అన్నాడు కనకరాజు. ఆమె నెల్లాళ్లు గుమ్మం వైపు చూసింది. అతను రాలేదు. రెండోసారి అడగడానికి ఆమెకి మనసొప్పలేదు. మొగుణ్ణి ముష్టెత్తుకోవాలా అనుకుంది.

అలాంటి మనిషి ఈ వేసవిలో చెప్పాపెట్టకుండా వచ్చి దిగాడు. మినీ లోడరొకటి కొనుక్కుని ఇక్కడే బతుకుతానన్నాడు. పద్నాలుగేళ్లు అక్కడ అతను నడిపింది అదే. ఒక్క మనిషి పట్టే బండి, ముందు తొట్టి, ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంది. పీచు మిల్లుల్లో కొబ్బరి డొక్కలు ఎత్తడానికీ, రొయ్యల చెరువుల దగ్గర మట్టి సర్దడానికీ దాన్ని మించింది లేదు. కొత్తది కొనే తాహతు లేదు. రావులపాలెం అవతల బంగారరాజు గారి పీచు మిల్లులో పాతదొకటి అమ్మకానికుందని తెలిసింది. దాచుకున్నదంతా పోస్తే అది వస్తుంది. అది కాస్తా చెడితే ఇక చేతిలో చిల్లిగవ్వ మిగలదు.

బండి కొంటే మొగుడు ఇంట్లో ఉంటాడు, కొనకపోతే మళ్లీ విమానం ఎక్కుతాడు. సత్యదుర్గ లెక్క ఇదే. గుండెల్లో కోపం గడ్డకట్టి ఉన్నా, ఆమెకి అతను ఉండాలనే ఉంది. అలా ఉన్నందుకు తన మీద తనకే చిన్నతనంగా ఉంది. బండి మంచిదై ఉండాలని వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకుంది కూడా. బయల్దేరేటప్పుడు "నువ్వూ రా" అన్నాడు కనకరాజు. ఇన్నాళ్లకి నన్నూ ఒక మనిషిననుకుని సలహాకి పిలిచాడు అని లోలోపల పొంగిపోయి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది.

బంగారరాజు మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు, బొండాలు కొట్టించాడు. బండి మీద గంటల మీటరు తొమ్మిది వేల నాలుగు వందలు చూపిస్తోంది. కారుకి కిలోమీటర్లెలాగో దీనికి గంటలలాగ. ఈ బళ్లకి అది ముసలి వయసే.

"మీటరు చూసి భయపడకండి. ఇంట్లో మనిషిని చూసుకున్నట్టు చూసుకున్నావండి" అన్నాడు బంగారరాజు.

కనకరాజు "ఆయ్" అన్నాడు. టైర్లు పట్టుకుని ఊపి చూశాడు, తొట్టి మోసే చేతుల కీళ్ల దగ్గర వేలు పెట్టి చూశాడు, ఆయిలు రెండు వేళ్ల మధ్య రాసి వాసన చూశాడు. తరవాత తొట్టి మీంచి ఎక్కి సీట్లో కూర్చుని అడ్డకమ్మీ దించుకున్నాడు. గంటసేపు మిల్లు ఆవరణలోని డొక్కల గుట్టని ఇక్కణ్నుంచి అక్కడికి మార్చాడు. అతను పని చేస్తుంటే సత్యదుర్గ చూడడం అదే మొదలు. ఒక్క డొక్క కింద పడలేదు. ఇంత పనితనం ఉన్న మనిషా నా మొగుడు అని ఆమెకి కళ్లు చెమర్చాయి. కొనేస్తాం, ఇంక భయం లేదు అనుకుంది.

అసలు పరీక్ష ఆయిలు వేడెక్కాకనే. కనకరాజు ఒక పనివాణ్ణి సీట్లో కూర్చోబెట్టి తొట్టి ఎత్తుతూ దించుతూ ఉండమన్నాడు. బండి వెనక తలుపు తీసి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన, తొట్టిని ఎత్తే ఆయిలు పంపుకి ఆనించి పిడి చెవికి పెట్టుకున్నాడు. కాసేపటికి రెండో చెవికి పెట్టుకున్నాడు. ఆ తరవాత పిడిని పళ్లతో కరుచుకుని కళ్లు మూసుకున్నాడు.

ఇంజను చప్పుడు మీంచి సన్నటి కూత ఒకటి, చెవిలో దోమ దూరినట్టు, సత్యదుర్గకి వినిపిస్తూనే ఉంది. పనివాళ్లకీ వినిపిస్తోంది కాబోలు, మొహాలు తిప్పుకున్నారు. బంగారరాజు బొండాం చెక్కేవాడితో ఏదో మాట్లాడుతున్నాడు. కనకరాజు మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు. కళ్లు తెరిచి భార్యని దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"నీకేవన్నా వినబడతందా? సన్నగా, పైపైన?"

అడిగి, ఆమె పెదాల వైపు చూస్తూ నిలబడ్డాడు. వచ్చిన దగ్గర్నుంచీ మాట్లాడినప్పుడల్లా అతను తన నోటి వంకే చూస్తున్నాడు. ఆ చూపుకి ఒకటి రెండుసార్లు ఆమె సిగ్గు కూడా పడింది. ఆ చూపు ఎందుకో ఇప్పుడు తెలిసింది. సలహాకి కాదు తనని పిలిచింది.

లేదు అని ఒక్క మాటంటే చాలు, బండి వస్తుంది, మనిషి ఉంటాడు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఆ మాట నమ్మి అతను ఉన్నదంతా పోస్తాడు.

"కూత పెడతందండి" అంది, పెదాలు విడదీసి. తొట్టి ఎత్తినప్పుడు పెరుగుతోందా అని అడిగాడు. పెరుగుతోందని తల ఊపింది.

కనకరాజు బండి ఆపించాడు. ఆలోచించుకుని చెబుతామని బంగారరాజుకి దణ్ణం పెట్టి గేటు దాకా వచ్చాక, పంపు పోయిందనీ, రెణ్ణెల్లు కూడా రాదనీ చెప్పాడు.

మళ్లీ వెళ్లిపోతారా అని ఆమె చేత్తోనే అడిగింది.

"ఎక్కడికెళ్తాను? చెవులు పోయేయని అక్కడ పరీక్షలో తేలిపోయింది. ఇంక పెట్టుకోరు. బండొకటుంటే బతికేద్దావనుకున్నాను. వినబడనోడు పాత బండేం కొంటాడు, పక్కన మనిషి అరిచినా తెలీకపోతే ఎలా నడుపుతాడు?"

ఎన్నాళ్లయిందని అడిగింది.

"ఐదారేళ్లవుతుంది. ఫోన్లో ఆడాళ్ల గొంతు అసలు తెలీదే. ఆయ్ అంటే సరిపోయేది."

అతను ఇంకేదో అంటున్నాడు గానీ ఆమె వినలేదు. నాలుగేళ్లు. వినని మనిషిని నాలుగేళ్లు పగబట్టింది. ఆ సంగతి ఇప్పుడు చెబితే పెదాలు చూసి పోల్చేస్తాడు. ఆ రోజు ఆమె రమ్మందని తెలిస్తే ఈ మనిషి ఇంక తేరుకోడు.

అందుకని ఏం చెప్పకుండా మోటారు సైకిలెక్కింది. కాలవ గట్టు రోడ్డెక్కాక అతని వీపుకి చెప్పింది.

"ఆ రోజు మిమ్మల్ని రమ్మన్నానండి."

వెనక కదలిక తెలిసిందేమో, "ఆయ్" అన్నాడు కనకరాజు.

"నెల్లాళ్లు గుమ్మంలోనే కూచున్నానండి."

"ఆయ్."

"మీరు అక్కడే పోతే బాగుణ్ణని ఒక రోజు వెంకన్నకి మొక్కేనండి."

"ఆయ్" అన్నాడు. కాస్త దూరం పోయాక, ముందు గోతులున్నాయి, గట్టిగా పట్టుకో అన్నాడు.

సత్యదుర్గ రెండు చేతులతోనూ పట్టుకుంది.