పట్టపగటి తోకచుక్క

అది అరవైయైదో సంవత్సరం. బత్తలపల్లె పక్కనున్న ఒక ఊర్లో శెనక్కాయ చెట్లు ఊడలు దిగకముందే మాడిపోయినాయి. పాకిస్తాన్‌తో యుద్ధం ఆగి నెల కూడా కాలేదు. అది చాలదన్నట్లు తెల్లారుజామున తూర్పు దిక్కున తోకచుక్క లేచింది.

హైస్కూల్లో సైన్సు చెప్పే సలోమమ్మ దాన్ని చూసిన మొదటి రోజు నుంచీ వదల్లేదు. కోడి కూసే వేళకు మిద్దె ఎక్కేది. మెడలో ఎన్.సి.సి. మాస్టరును అడిగి తెచ్చుకున్న బైనాక్యులర్, చేతిలో దారం కట్టిన కొలబద్ద. దారం కొసను పండ్లతో కరిచి పట్టుకొని, బద్దను దారం సాగినంత దూరం చాపి, తోకచుక్కకూ మఖ నక్షత్రానికీ నడుమ ఎడం ఎంతుందో కొలిచేది. దారం బిగువుగా ఉంటే బద్ద రోజూ కంటికి అంతే దూరంలో ఉంటుంది, కొలత తప్పదు. ఆ తర్వాత దాని వెలుగును చుట్టూ ఉన్న చుక్కలతో పోల్చి చూసుకునేది. దీనికన్నా ఎక్కువ, దానికన్నా తక్కువ అని. తెల్లారినాక గ్రాఫు కాగితం మీద ఇంకో చుక్క చేరేది.

పక్కన లాంతరు పట్టుకొని నిలబడేది ఆమె నాయన యేసన్న. పెండ్లాం పోయినాక ఆయనకు కూతురే లోకం. బావుల్లో బండలు పేల్చడం ఆయన పని. బండలో బెజ్జాలు వేసి, మందు కూరి, వత్తులు అంటించి, మోకు పట్టుకొని పైకి వచ్చేవాడు. ఆ పనిలో తల నెరిసినా ఒంటి మీద ఒక్క కాలిన మచ్చ లేదు.

"ఏమ్మా, ఎంత జరిగింది ఈ పొద్దు?" అని అడిగినాడు ఒక రోజు.

"దిగుతాంది నాయనా. దిగేకొద్దీ వెలుగు పెరుగుతాంది."

"యాడికి పోతాది?"

సలోమమ్మ గ్రాఫు కాగితం లాంతరు వెలుగులో పెట్టి చూసింది. కాగితం మీది చుక్కలను కలుపుతూ గీత లాగితే అది సూర్యుని వైపే వంగుతోంది. పేపర్లోనూ అదే రాసినారు. అయినా తన చేత్తో గీసిన గీత అటే పోతావుంటే ఆమె ఇంకోసారి బద్ద పెట్టి చూసుకుంది.

"సూర్యుని దగ్గరికి," అనింది. "రాసుకొని పోతాది. తట్టుకుంటే ఆ పక్క నుంచి మళ్లా బయటికొస్తాది. లేకుంటే ఆడనే కరిగిపోతాది."

అదే మాట బడిలో చెప్పింది. బడి నుంచి ఇండ్లకు పోయేసరికి మాట మారిపోయింది. తోకచుక్క సూర్యుని మీద పడతాదంట, పొద్దు ఆరిపోతాదంట, టీచరమ్మ లెక్కేసి చెప్పిందంట. పక్కింటి హనుమక్క తన ఇద్దరు బిడ్డలను బడి మాన్పించింది. బజారులో సలోమమ్మ ఎదురైతే ఆడోళ్లు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని తప్పుకున్నారు.

యేసన్న అప్పుడు బండ పేలుస్తున్నది ఊరి రైతు నరసింహప్ప తవ్విస్తున్న బావిలో. నరసింహప్ప గట్టు మీద నిలబడి అందరి ముందరా అనేసినాడు.

"ఏమిరా యేసన్నా, నీ కూతురు రోజూ మిద్దెక్కి దాన్ని కొలుస్తాందంట. కొలిచి కొలిచి ఊరి మీదికి తెస్తాందా?"

"కొలిస్తే వచ్చేదేముంది సామీ," అన్నాడు యేసన్న. "నీ బావి కూడా రోజూ కొలుస్తాండా. నీళ్లొచ్చినాయా?"

కూలోళ్లు నవ్వినారు. నరసింహప్ప నవ్వలేదు.

ఆ తోకచుక్క సూర్యుణ్ని చుట్టే రోజు రానే వచ్చింది. మబ్బు తునక లేదు. సలోమమ్మ పిల్లల్ని బడిగోడ నీడలో వరసగా నిలబెట్టింది. "సూర్యుడు గోడ వెనకాలే ఉండాల. గోడ దాటి తల బయట పెట్టినారంటే కండ్లు పోతాయి," అని గట్టిగా చెప్పింది. గోడ అంచుకు కొంచెం పైన, అంత ఎండలోనూ, తోకచుక్క తెల్లగా దూది పింజ మాదిరి కనపడింది. తన గీత చెప్పిన చోటే ఉంది.

యేసన్న పొద్దున్నే పనికి పోయినాడు. రోజూ తాను అన్నీ చెప్పే నాయనకు, సూర్యుణ్ని సూటిగా చూడొద్దనే ఆ ఒక్క మాట చెప్పాలని ఆమెకు తోచలేదు.

బావి గట్టున ఆ రోజు ఏం జరిగిందో తర్వాత సుంకన్న చెప్పినాడు. ఆయన యేసన్నకు తోడుగా పనిచేసేవాడు. కూలోళ్లంతా పారలు కింద పడేసి, తలల మీద గుడ్డలు కప్పుకొని, పొద్దుకు వీపు పెట్టి కూర్చున్నారంట. చుట్టూ గోడ లేదు, చెట్టు లేదు. యేసన్న మట్టికుప్ప ఎక్కి, "నా బిడ్డ చెప్పింది నిజమో అబద్ధమో నేను చూసి చెప్తా," అని చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి ఆ చెయ్యి కూడా తీసేసినాడు. కండ్లల్లో నీళ్లు కారుతున్నా చూపు తిప్పలేదు. "ఉండాదప్పా! పొద్దును అంటుకొని ఉండాది. పొద్దేమీ ఆరిపోలేదు. లేచి పని చూడండి," అన్నాడు.

ఆ సాయంత్రం యేసన్న నీళ్ల చెంబును అరుగు మీద పెట్టబోయి గాల్లో వదిలేసినాడు. "ఎండ దెబ్బలే," అన్నాడు. సలోమమ్మ నమ్మింది. ఆమె బుర్ర నిండా తోకచుక్కే ఉండింది.

కొన్నాళ్లకు అది సూర్యుని అవతల నుంచి బయటపడి మళ్లా తెల్లారుజామున కనపడింది. తల ఇంకా తూర్పు కొండ వెనకాలే ఉంది. తోక మాత్రం కొండ మీంచి ఆకాశంలోకి, నిలబెట్టిన చీపురు మాదిరి, తెల్లగా, ఏటవాలుగా లేచింది. ఊర్లో కుక్కలు మొరగడం మానేసినాయి. ఏదో ఇంట్లో ఆడమనిషి ఏడుపు ఎత్తుకుంది. యేసన్న లాంతరు పట్టుకొని పక్కదిక్కు చూస్తా నిలబడినాడు.

"అటెందుకు చూస్తాండావు నాయనా?"

"మెడ పట్టేసింది," అన్నాడు. ఆమె మళ్లా బద్ద ఎత్తింది.

ఆ శనివారం ఆమె నాయనకు సంగటి తీసుకొని బావి కాడికి పోయింది. యేసన్న అప్పుడే మోకు పట్టుకొని పైకి వచ్చి, "ఐదు వత్తులూ అంటించినా, జరగండి," అని అరిచినాడు. అందరూ మట్టికుప్ప చాటుకు పోయినారు. భూమి అదిరింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అంతే. బావిలోంచి పొగ వచ్చింది, ఐదో చప్పుడు రాలేదు.

"రెండు కలిసి పేలింటాయిలే అన్నా," అని సుంకన్న మోకు అందుకున్నాడు.

యేసన్న ఆ మోకును రెండు చేతులా పట్టేసినాడు. "దిగొద్దు."

"పొగ పోయినాకనే దిగుతాలే."

"పొగ కాదురా. ఒకటి లోపల బతికే ఉండాది. వత్తి అంటుకుందో లేదో నేను చూడలేదు. వేలితో తడిమి అంటించినా." మోకు వదల్లేదు. "నేను యాడ చూస్తే ఆడ నల్లగా ఉంటాది. ఆ పొద్దు నుంచి."

నరసింహప్పే ముందు నోరు తెరిచినాడు. "చెప్పలే? ఆ శని ఈ బావిలోకే దిగింది," అని సలోమమ్మ వైపు చెయ్యి చూపించినాడు.

ఆమె అది విన్లేదు. సంగటి గిన్నె కింద పెట్టి నాయన ముందు నిలబడింది. "నాయనా, నా ముఖం చూడు."

"చూస్తాండానమ్మా. నీ చెవులు కనపడతాండాయి. కమ్మలు కనపడతాండాయి. ముఖం లేదు."

అనంతపురంలో కండ్ల డాక్టరు చాలాసేపు చూసి, కంటి లోపల కాలిపోయింది, చూపు మళ్లా రాదు అన్నాడు. తిరుగు బస్సు రాప్తాడు దాటినాక ఆమె అనింది.

"బడిపిల్లలందరికీ చెప్పినా నాయనా. నీకొక్కనికే చెప్పలేదు."

"చెప్పినా చూసేవాణ్నే," అన్నాడు యేసన్న. "ఊరంతా నిన్ను అంటాంటే ఎవరో ఒకరు చూసి చెప్పాల గదా."

పేలని మందును తడిపి చంపాలంటే బావిలో బండ్లకొద్దీ నీళ్లు పోయాల. తాగేదానికే లేని ఊర్లో ఎవరిస్తారు? నరసింహప్ప బావి చుట్టూ ముళ్ల కంప వేయించి ఆ పక్క తిరగడం మానేసినాడు. సుంకన్న పని వెతుక్కుంటా బెంగళూరు దిక్కు పోయినాడు. తోకచుక్క రోజురోజుకూ వెలిసిపోయి ఒక తెల్లారుజామున కనపడలేదు. సలోమమ్మ ఆ రోజుతో బైనాక్యులర్ తిరిగి ఇచ్చేసింది.

ఆ మందును తడిపే వాన మాత్రం రాలేదు. యేసన్న రోజూ కర్ర పట్టుకొని పోయి ఆ కంప పక్కనే కూర్చునేవాడు. మేకల గిట్టల చప్పుడైనా, మనిషి అడుగు వినపడినా తల పక్కకు తిప్పి, కంటి కొసతో చూసి అరిచేవాడు.

"ఎవరప్పా అది? ఈ పక్కకు రావద్దు. కింద ఒకటి ఇంకా ఉండాది."