రుచి చూడని చట్టి

చేపల్లో ఉప్పు వేసి, రుచి చూడకుండానే చట్టికి మూత పెట్టేసింది న్యాన్. పక్క పొయ్యి మీద కూలీల కూర ఉడుకుతోంది. దాన్ని మాత్రం ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకి చూసి, ఇంకో చిటికెడు ఉప్పు విదిల్చింది. సాడెక్ ఊళ్లోని ఇటుక బట్టీలో వంటమనిషిగా ఆమె జుట్టు నెరిసింది గానీ, ఉప్పు తప్పిందని వంక పెట్టిన కూలీ ఇంతవరకు లేడు. చట్టిలోవి నాన్న తద్దినానికి. పోయినవాళ్లకు పెట్టేదాన్ని ముందు మనం ఎంగిలి చేయకూడదు. రంగు చూసి, మిరియాల ఘాటు చూసి, కుదిరే ఉంటుందిలే అనుకుంది.

చట్టిని గుడ్డలో మూటగట్టి, ఒళ్లో పెట్టుకుని సైగాన్ బస్సెక్కింది. తమ్ముడు ఖియెమ్ అక్కడ మేడ కొన్నాడు. తల్లి లేని పిల్లాణ్ణి ఎత్తుకుని పెంచింది తనే. ఇకనుంచి తద్దినం మా ఇంట్లోనే అని పోయిన ఏడు నాన్న పటం పట్టుకెళ్లాడు. తండ్రి తిథికి కూతుర్ని ఒకరు పిలవాలా ఏమిటని, ఫోను కోసం చూడకుండా బయల్దేరింది.

బస్టాండు బయట అడుగు పెట్టి, రోడ్డంచునే నిలబడిపోయింది. మోటారుసైకిళ్లు చీమల పుట్ట కదిలినట్టు వస్తూనే ఉన్నాయి. ఒక్కటీ ఆగదు. లాటరీ టిక్కెట్లు అమ్మే ముసలమ్మ ఆమె అవస్థ చూసి మోచెయ్యి పట్టుకుంది. "ఆగకు, పరిగెత్తకు. నీ మానాన నువ్వు నడువు, వాళ్లే తప్పుకుంటారు" అంటూ రోడ్డు దాటించింది.

తలుపు తీసిన మరదలు హన్ ముఖం పాలిపోయింది. ఆ సంగతి న్యాన్ గమనించలేదు. చట్టి వంటింట్లో పెట్టి, ముందు నాన్నను చూస్తానని పైకెక్కింది. పై అంతస్తులో పటం ముందు బంతిపూలు వాడి వేలాడుతున్నాయి. అరటిపళ్లు నల్లబడ్డాయి. ధూపం గిన్నె నిండా కాలిన పుల్లలు. గోడవారగా అద్దె కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

"ఆదివారమైతే ఆఫీసు వాళ్లందరికీ కుదురుతుందని ముందుకు జరిపారు వదినా" అంది వెనకాలే వచ్చిన హన్. "మీకు ఫోన్ చెయ్యమన్నాను. చెయ్యలేదా?"

తమ్ముడి పెళ్లి విందులో ఆఫీసాయన ఎవరో న్యాన్‌ను వంటమనిషి అనుకుని ఐసు తెమ్మన్నాడు. పక్కనే ఉన్న ఖియెమ్ నవ్వి ఊరుకున్నాడు. ఆరోజు పడని సిగ్గంతా ఇప్పుడు మీద పడింది. మడమల పగుళ్లలో దిగిన ఇటుక దుమ్ము ఇంత ఎర్రగా ఉందని తెల్లటి ఆ గచ్చు మీద నిలబడేదాకా ఆమెకు తెలియదు. పిలవని పేరంటానికి వచ్చింది, అది తన తండ్రిదే అయినా.

"చేశాడమ్మా. నాకే బట్టీలో తీరిక లేకపోయింది" అంది. "ఇవాళ ఊరికే మీ ఇల్లు చూసి పోదామని వచ్చా."

అబద్ధమాడాక చట్టిని పైకి, నాన్న పటం ముందుకు తేవడమెలా? మధ్యాహ్నం హన్ దాని మూత తీసి భోజనాల బల్ల మీద పెడుతుంటే, తను కంచాలు సర్దింది. నాన్న నోటికాడి కూడు తనే లాగేసినట్టు అనిపించింది.

ఖియెమ్ వచ్చాడు. అక్కను చూసి ఒక్క క్షణం గుమ్మంలోనే ఆగి, తర్వాత ప్రయాణం ఎలా జరిగిందని అవసరానికి మించి అడిగాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. దవడ ఆగిపోయింది. ఆమె ఏడాదికి ఒక్క చట్టిలోనే ఉప్పు చూడదని అతనికి తెలుసు. చిన్నప్పుడు ఆ చట్టిలో వేలు పెట్టినందుకే అక్క చేత దెబ్బ తిన్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"చప్పగా ఉన్నట్టుందే" అని హన్ ఉప్పు సీసా అందుకుంది.

"వద్దు" అన్నాడు. "వెయ్యకు."

"ఈ మధ్య నా చెయ్యి సరిగ్గా పడట్లేదురా" అంది న్యాన్, కాళ్లు బల్ల కిందికి లాక్కుంటూ.

అతను తల ఎత్తలేదు, ఇంకో ముద్దా తినలేదు. అక్కకు తమ్ముడి ముఖం చూడాలంటే సిగ్గు, తమ్ముడికి అక్కను చూడాలంటే సిగ్గు. హన్ ఒక్కతే ఏదో మాట్లాడుతూ ఉంది.

సాయంత్రం బస్సుకే వెళ్తానంటే ఎవరూ గట్టిగా ఆపలేదు. మోటారుసైకిల్ మీద దింపుతూ, సిగ్నల్ దగ్గర వెనక్కి తిరగకుండానే అన్నాడు ఖియెమ్. "పెద్దక్కా, ఆదివారం నీకు ఫోన్ చేద్దామనే..."

"పచ్చలైటు పడింది, పోనీరా" అంది న్యాన్. పడిపోకుండా అతని చొక్కా పట్టుకుంది గానీ, ఎప్పటిలా భుజం మీద చెయ్యి వేయలేదు.

బస్సు కదిలాక ఒడి ఖాళీగా తోచింది. చట్టి మరిచిపోయింది. బయల్దేరేటప్పుడు చూసింది దాన్ని. ఖియెమ్ పైకి తీసుకెళ్లబోయి, ఎంగిలిదని గుర్తొచ్చి ఆగిపోయినట్టున్నాడు. నాన్న పటానికి, వంటింటికి మధ్య, సగం మెట్ల మీద, మూత పెట్టి ఉంది చట్టి.