తొమ్మిదో పాటలో ఆగిన మనిషి

ఆ పాట మొదలవగానే ఖమ్మం కాలేజీ పిల్లలు ఈలలు వేసేవారు. అది చావింటి శోకమని వాళ్లకు తెలియదు. సమ్మయ్యకు తెలుసు. అందుకే ఆ గొంతు వినబడగానే డ్రమ్ముల వెనక తల దించుకునేవాడు.

బ్యాండు పేరు నల్లబండ. కొత్తగూడెం రాజేష్ పాడతాడు, బూర్గంపాడు తబ్రేజ్ గిటారు వాయిస్తాడు, దుమ్ముగూడెం అవతలి అడవి పల్లె నుంచి వచ్చిన సమ్మయ్యవి డ్రమ్ములు. మూడేళ్లు ఎవరెవరివో పాటలు పాడి విసిగిపోయి, 2007లో సొంతంగా ‘నీళ్లొచ్చే ఊరు’ అని ఒక సీడీ తెచ్చారు. తొమ్మిది పాటల్లోనూ ఒకటే కథ, ఆనకట్ట నీళ్లలో మునిగే ఊరిది. మొదటి పాటలో ఊరు విత్తనాలు చల్లుతుంది. నాలుగో పాటలో ఎవరో వచ్చి గోడల మీద నంబర్లు వేసిపోతారు. ఎనిమిదో పాటలో నీళ్లు గడప ఎక్కుతాయి. తొమ్మిదో పాటలో గిటారు ఉండదు, రాజేష్ ఉండడు. ఒక ముసలామె ఏడుస్తూ పాడుతుంది, కింద ఒక్క డ్రమ్ము మోగుతుంది. నాలుగు నిమిషాలకు ఆ గొంతు సన్నగిల్లి, సన్నగిల్లి, మాట మధ్యలో ఆగిపోతుంది.

సీడీ దుకాణాల్లో కన్నా ఆ పాట ఫోన్లలోనే ఎక్కువ తిరిగింది, వినడానికీ రింగ్‌టోన్‌కీ. అభిమానులు ఆర్కుట్‌లో ఒక గుంపు పెట్టుకున్నారు. భద్రాచలంలో నెట్ సెంటరుకు పోయి సమ్మయ్య వాళ్ల వాదనలు చదివేవాడు. ఆ ముసలామె గోదారి అని ఒకరు. కాదు, మునిగిన ఊరి దేవత అని ఇంకొకరు. నాటకాలాడే ఆమెను హైదరాబాద్ నుంచి తెచ్చి పాడించారని, తాను కళ్లారా చూశానని మరొకరు. పాటను మధ్యలో ఆపడంలోనే అంతా ఉందని, ఆ ఊరి దుఃఖానికి ఒడ్డు లేదని చెప్పడమేనని ఒక అమ్మాయి రెండు పేజీలు రాసింది. అందరికన్నా బాగా రాసింది. అది చదివిన రోజు సమ్మయ్యకు అన్నం సహించలేదు.

ఆ ముసలామె జంపక్క, సమ్మయ్య మేనమామ దూలయ్య భార్య. సమ్మయ్య చేతికి మొదట డోలు కర్ర ఇచ్చింది ఆ మామే. రెండేళ్ల కింద, ముసురు పట్టిన రోజుల్లో మామ పోయాడు. సాగనంపేటప్పుడు మామ జతగాళ్లు వాయించే డోలు దెబ్బను దాచుకుందామని సమ్మయ్య చూరు కింద టేప్ రికార్డర్ పెట్టాడు. డోళ్లు ఆగాక జంపక్క శోకం ఎత్తుకుంది. టేపు ఆపడానికి అతనికి చెయ్యి రాలేదు.

తర్వాత రాజేష్ అది విని, “గిదే మన ఆఖరి పాట” అన్నాడు. ఇరవై నిమిషాల శోకంలో మొదటి నాలుగు నిమిషాలు తీసుకున్నారు. ఆ రోజు కొత్త టేపు లేక, మిగతా దాని మీద రిహార్సల్ ఎక్కించారు. ఆ ఎక్కించే మీట నొక్కింది సమ్మయ్యే.

ఎండాకాలంలో జంపక్క సంతకు వచ్చి షేర్ ఆటోలో తిరిగిపోతుంటే, పక్కనున్న మనిషి జేబులోని ఫోనులో ఆమె గొంతు మొదలై, మాట మధ్యలో తెగేదాకా మోగింది. మూడో రోజు ఆమె ఊరి సైదమ్మ గోదారి రేవులో సమ్మయ్యకు కనబడి, “మీ అత్త రమ్మంటుంది. జల్దీ పో” అని చెప్పింది. ఇంకో మాట లేదు.

అతను పోయేసరికి జంపక్క చూరు నీడన కూర్చుని చింతపండు కొట్టి గింజలు తీస్తోంది.

“వచ్చినవా అల్లుడా. కూసో.”

దారంతా కూడబలుక్కున్న మాటలు అతనికి ఒక్కటీ గుర్తు రాలేదు. “తప్పైంది అత్తా. నిన్ను అడగకుంట...”

“అడిగితే ఇస్తనా? ఇయ్య. అది కాదు నేనడిగేది.” రాయితో ఇంకో కాయ కొట్టింది. “సగంల ఎందుకు కోసిన్రు?”

“ఏంది?”

“ఆ డబ్బాలు కొట్టి కొట్టి చెవుడొచ్చిందారా నీకు? నా శోకంల మీ మామ గడప దాటిండు, చేను దాటిండు, వాగు కాడికి వచ్చిండు. గాడనే ఆపిన్రు. ఆవలి గట్టు ఎక్కించేదాక శోకం ఆపరని నీకు తెల్వదా? ఎన్ని సావులకు డోలు కొట్టినవ్ నువ్వు?”

తెలుసు. ఆ ఊళ్లో శోకం ఎత్తుకున్న మనిషికి మధ్యలో గుక్కెడు నీళ్లు కూడా ఇవ్వరు. ఆమె ఆగితే పోయినవాడు దారిలో ఆగుతాడని. పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతి, గాజు తలుపుల రికార్డింగు గదిలో చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకున్నప్పుడు ఒక్కసారి కూడా తట్టలేదు.

“పోరగాళ్ల జేబులల్ల మోగినప్పుడల్ల ఆయన నడుచుకుంట వాగు కాడికొస్తుండు, నిలవడుతుండు. మల్ల మోగుతది, మల్ల ఇంటి కాడినుంచి నడవాలె. మోకాళ్ల నొప్పులోడురా మీ మామ.”

సమ్మయ్య, “మిగతాది పాడు అత్తా. ఎక్కించుకుంట” అన్నాడు.

“నా మొగుడు రెండుసార్లు సచ్చిండా, మల్ల పాడనీకి?”

ఆమె ఇంకో నాలుగు కాయలు కొట్టింది.

“పాడ. చెప్త. నేర్చుకుంటే నేర్చుకో.”

మొదటి నుంచి చెప్పింది, రాగం లేకుండా, సంతలో కొనాల్సినవి చెప్పినట్టు. అతను తప్పు పలికితే ఒక చింతగింజ వచ్చి భుజానికి తగిలేది. వాగు మాటల దాకా వచ్చేసరికి అతని గొంతు ఎండిపోయింది. ఆమె చెంబు అతని వైపు నెట్టింది.

“తాగు. ఇది శోకం కాదు, చెప్పుడే.”

నీళ్లు తాగి, సమ్మయ్య వాగు నుంచి మళ్లీ అందుకున్నాడు.

భద్రాచలంలో ఆదివారం సాయంత్రం ప్రదర్శన ఉంది. ఆ మధ్యాహ్నం, పాట ఆగాక మిగతా శోకం తాను చెబుతానని సమ్మయ్య అంటే రాజేష్ మండిపడ్డాడు.

“దిమాగ్ ఉన్నదా? అది గట్ల ఆగుతదనే కదా బై జనం వస్తున్నరు!”

తబ్రేజ్ గిటారు తీగ బిగిస్తూ తలెత్తకుండా అన్నాడు. “మా అబ్బాకు చేసిన దువా ఎవడన్న సగంల ఆపితే నేనూకోను. చెప్పనియ్యి రాజేష్. నీ పాట ఏం అరిగిపోదు.”

హాలు నిండింది. తొమ్మిదో పాటలో జంపక్క గొంతు సన్నగిల్లుతుంటే జనం అలవాటుగా చేతులు పైకెత్తారు. సమ్మయ్య కర్రలు కింద పెట్టి మైకు దగ్గరకు వచ్చాడు. పాడే గొంతు కాదు అతనిది. ఉత్తగా చెప్పాడు.

“వాగు సన్నగనే ఉంది, మెల్లగ దిగు. రాయి జారుతది, కట్టె ఊనుకో. ఆవలి గట్టున మీ అయ్య చెయ్యందిస్తడు, పట్టుకో. ఎక్కినంక ఎనక్కి చూడకు. పొద్దుగాల నేనే లేస్త, నా నీళ్లు నేనే తెచ్చుకుంట. నువ్వు పో.”

“ఉపన్యాసం వద్దన్నా, డ్రమ్ములు కొట్టు!” అని వెనక నుంచి ఎవరో అరిచారు. నవ్వులు లేచాయి. ముందు వరసలో కొందరు ఎత్తిన చేతులు ఎప్పుడు దించాలో తెలియక అట్లాగే నిలబడ్డారు.

మర్నాడు ఆర్కుట్‌లో తిట్లు. నల్లబండ తన పాటను తానే చెడగొట్టుకుందట. సీడీలో ఉన్నదే అసలుదట. రెండు పేజీలు రాసిన అమ్మాయి ఈసారి ఒక్క వాక్యమే రాసింది: “దుఃఖానికి ఒడ్డు చూపించి మోసం చేశారు.” తర్వాతి ప్రదర్శన జాబితాలో తొమ్మిదో పాట లేదు. రాజేష్ వారం రోజులు మాట్లాడలేదు.

సమ్మయ్య పోయి అంతా జంపక్కకు చెప్పాడు.

“ఆ ఫోన్లల్ల ఉన్నది మారిందా మరి?”

“లేదత్తా. అది ఇగ మారదు.”

“ఎన్నిట్ల ఉన్నది?”

“తెల్వదు. వేలల్ల ఉండొచ్చు.”

ఆమె చేటలో గింజలు చెరుగుతూ ఆలోచించింది. “అయితే నీ చెవుల వడ్డప్పుడన్న నువ్వు ఆయనను వాగు దాటియ్యి.”

అది అతను అనుకున్నంత సులువుగా లేదు. ఫోనున్న వాళ్లు వాగు దాకా మోగనివ్వరు. కొందరు చేను దగ్గరే ఎత్తుతారు. అప్పుడు చేను నుంచి అందుకోవాలి, పెదాలు కదిలీ కదలకుండా.

ఒక పొద్దున భద్రాచలం బస్టాండులో, అరటిపండ్ల బండి దగ్గర ఫోను మోగింది. జంపక్క ఇంకా ‘గడప’ అననైనా లేదు, “హలో, షుకూర్ భాయ్!” అంటూ ఆ మనిషి ఎత్తేశాడు. సమ్మయ్య గడప దగ్గర నుంచే మొదలుపెట్టాడు. చేను దాటేసరికి అతను ఎక్కాల్సిన దుమ్ముగూడెం బస్సు వచ్చి ఆగింది. జనం ఎగబడ్డారు. కండక్టరు తలుపు మీద చరుస్తూ, “ఏందన్నా, ఎక్కుతవా లేదా?” అని కేకేశాడు.

మామ ఇంకా వాగులోనే ఉన్నాడు. సమ్మయ్య వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.