దిండు కింది ప్రసంగాలు

ఏడ్రియాటిక్ సముద్రంలోని మా చిన్న ద్వీపంలో, ఆ యుద్ధకాలంలో, మరపడవ చప్పుడు వినిపించిందంటే ఎవరినో తీసుకుపోవడానికి శత్రుసైనికులు వచ్చారని అర్థం. ఆనాడు వారు వచ్చింది మనిషి కోసం కాదు. మా మఠంలో తపస్కాలంలో, అంటే ఈస్టరుకు ముందరి ఉపవాస దినాలలో, చదివే ప్రసంగాల గ్రంథం కోసం. అచ్చుయంత్రం మా తీరానికి చేరిన తొలి రోజులలో, మా పూర్వుల గ్లాగొలిత లిపిలో అచ్చయిన పుస్తకమది. దానికి మరో ప్రతి ఉన్నట్లు మేమెన్నడూ వినలేదు. అప్పగించకపోతే మఠాన్ని తగలబెడతామని ముందురోజే కబురు వచ్చింది.

పడవ రేవుకు చేరేలోపు వేరే చోటు తోచలేదు. మఠాధిపతి ఫాదర్ యెరోనిమ్ దానిని భోజనశాలలో తన కుర్చీలో పెట్టించి, పైన దిండు వేయించుకొని కూర్చున్నారు.

వంటపని చూసే బ్రదర్ ష్పిరో ఊరుకోలేదు. "పొదిగే కోడిలా ఉన్నారు ఫాదర్ గారూ! కదలకండి, పిల్లలు లేస్తాయి."

"నోరు మూసుకుని శనగల సూప్ పొయ్యరా. మామూలుగా భోంచేద్దాం. భయపడ్డట్టు కనబడకూడదు."

మామూలుగా భోంచేయడమే మా కొంప ముంచబోయింది. మా నియమం ప్రకారం భోజనవేళ ఒకరు పీఠం వద్ద నిలబడి బిగ్గరగా చదువుతారు. అందరూ తిన్న తరువాతనే అతడి భోజనం. ఆ తపస్కాలంలో చదువరిని నేను; చదవాల్సిన గ్రంథం దిండు కింద ఉండడంతో ఆ రోజు ఊరికే బల్ల దగ్గర కూర్చున్నాను. ష్పిరో అలవాటు కొద్దీ నా పళ్ళెం మీద మూత పెట్టి పొయ్యి పక్కన ఉంచాడు. గ్రంథాలయమంతా తలక్రిందులు చేసి వచ్చిన కెప్టెన్ దృష్టి నేరుగా ఆ మూత మీద పడింది. అతడికి మా భాష వచ్చు.

"ఇది ఎవరి వంతు?"

"చదివేవాడిది," అనేశాడు ష్పిరో. అని, నాలుక కరుచుకున్నాడు.

కెప్టెన్ ఖాళీగా ఉన్న పీఠం వైపు చూశాడు. "నేను చదువుకున్నదీ మఠం బడిలోనే. తపస్కాలంలో ప్రసంగాలేగా చదివేది? కానివ్వండి బ్రదర్, వింటాను."

చేతికందిన పుస్తకం తీసుకొని పీఠమెక్కాను. అది తేనెటీగల పెంపకం గురించినది. ఏటేటా చదివి కంఠస్థమైన ప్రసంగాన్ని అందులో చూస్తున్నట్లుగా అందుకున్నాను. మరణఘడియకు సిద్ధపడడమెలాగో చెప్పే ప్రసంగం నోటికి వచ్చింది. మాట ఒక్కటీ తప్పలేదు. అయితే, కెప్టెన్ బూట్లు నా వైపు కదిలిన తరువాతగానీ, అంతవరకు నేను ఒక్క పుట కూడా తిప్పలేదని నాకు తట్టలేదు.

అతడి చేయి పుస్తకం అంచున పడింది.

బల్ల మీద టక్కుమని చప్పుడయింది. ఫాదర్ యెరోనిమ్ వేలి కణుపుతో కొట్టారు. మఠాధిపతి అలా కొడితే చదువు ఆగిపోవాలి. అందరూ లేచి స్తోత్రం చెప్పాలి. మేము లేచాము. కెప్టెన్ కూడా, బడినాటి అలవాటు వదలక, టోపీ తీసి తల వంచాడు. లేవనిది కొట్టినవారొక్కరే. నన్ను కాపాడబోయి ఆయన తానే పట్టుబడే పని చేసుకున్నారు.

తలుపు దగ్గర తుపాకి పట్టుకున్న సార్జెంటు అడగనే అడిగాడు. "ఆ ముసలాయన లేవడేం సార్?"

కెప్టెన్ కుర్చీ దగ్గరికి నడిచాడు. దిండు కింద నుండి గ్రంథం అట్టలను బిగించే తోలు పట్టీ, దాని కొసన ఇత్తడి కొక్కెం వేలాడుతున్నాయి. నేను చూశాను. అతడూ చూశాడు.

సార్జెంటుకు అడ్డంగా నిలబడి వంగి, ఆ పట్టీని వేలితో దిండు కిందికి తోశాడు.

"కాళ్ళు బాగాలేవు పాపం. ఆ పుస్తకం ఇక్కడ లేదని నేను రాసిస్తాను, తగలబెట్టే పనిలేదు," అన్నాడు పైకి. తరువాత గొంతు తగ్గించి, "కూర్చునే ఉండండి ఫాదర్. మా పడవ కదిలేదాకా ఎవరొచ్చినా లేవకండి."

పడవ చప్పుడు పూర్తిగా అణిగిన తరువాత కూడా ఆయన లేవలేదు, లేవలేకపోయారు. ష్పిరో పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టాడు.

"తినవయ్యా వీద్. చల్లారిపోయిందని మాత్రం సణగకు."

నా చేతిలోని చెంచా పళ్ళెం అంచుకు తగిలి మరపడవలా టకటకలాడింది. ఆ చప్పుడుకు అందరూ ఉలిక్కిపడి రేవు వైపు చూశారు.