నీళ్ల సూది

గద్వాలలో ఆ నేతవాళ్ల ఇంటి కోడళ్లిద్దరికీ దమ్ము రోగం, ఉబ్బసం ఉంది. పెద్దకోడలు అర్చనకు మగ్గం ముందు కూర్చున్న మూడో ఏట మొదలైంది. చిన్నకోడలు సుమనకు అమరచింతలో, పుట్టింట్లో ఉన్నప్పటి నుంచే ఉంది. హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానవాళ్లు కొత్త మందు మీద పరిశోధన చేస్తూ, అలర్జీ బాగా ఎక్కువున్న దమ్ము రోగుల కోసం వెతుకుతుంటే ఇద్దరూ ఒకేరోజు పేర్లు రాయించుకున్నారు. నాలుగు వారాలకోసారి బస్సెక్కి వెళ్లి చేతికి సూది వేయించుకోవాలి. దమ్ము రేపే అలర్జీని రక్తంలోనే పట్టి కట్టేసే మందు అన్నారు.

పరిశోధన పనులు చూసే నిరంజన్ మొదటి రోజు ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని కాగితం మొత్తం చదివి వినిపించాడు.

"సగం మందికి అసలు మందు పడుతుంది, మిగతా సగానికి మందు లేని సూది. ఎవరికి ఏది పడుతుందో మాకూ తెలియదు. అందుకే మీరు పీల్చే పంపు మాత్రం ఆపొద్దు."

"అంటే వట్టి నీళ్లా సారూ?" అని సుమన అడిగింది.

"దాదాపు అంతే అనుకోండి."

ఇద్దరూ సంతకాలు పెట్టారు.

మూడో సూదికల్లా అర్చనకు తేడా తెలిసింది. బిందె మోసుకొచ్చినా రొప్పు రావడం లేదు. పొద్దంతా మగ్గం మీద కూర్చోగలుగుతోంది. పంపు తీసి బీరువాలో పడేసింది. ఆరేళ్లు ఆమెను రోగిష్టిదన్న అత్త భాగ్యమ్మ, ఇప్పుడు వాడకట్టు ఆడవాళ్లను పిలిచి ఆమె నేసిన కొంగు చూపించేది. తిండి దగ్గర ముందు ఆమెకే వడ్డించేది. అర్చన ఒక్కోసారి కంచం ముందు ఏడుపు ఆపుకునేది.

సుమనకు ఏమీ మారలేదు. ఛాతీలో అవే పిల్లికూతలు. నూలు కండెలు చుడుతూ చుడుతూ ఆగిపోయి, గోడకు ఆనుకుని పంపు పీల్చుకునేది.

"ఒక్క దవాఖాన, ఒక్క సూది," అంది భాగ్యమ్మ ఒకనాడు అందరూ ఉండగా. "పెద్దదానికి తగ్గినప్పుడు దీనికెందుకు తగ్గదు? పని ఎగ్గొట్టే దమ్ము ఇది."

సుమన భర్త నరేందర్ మగ్గం మీద నుంచి తల ఎత్తలేదు.

"నాకు పడేది నీళ్ల సూది గావొచ్చు అత్తమ్మా," అంది సుమన. "కొందరికి గట్లనే ఇస్తరంట. అక్కను అడుగు. ఆమె గూడ ఇన్నది."

అందరూ అర్చన వైపు చూశారు. అవునంటే సుమన మళ్లీ ఓ పక్కన కూర్చుంటుంది, ఇంటి పనంతా తన మీద పడుతుంది. అర్చన మనసులో మెదిలింది అదే. ఇంకో కోడలు పనిదొంగ అనిపించుకున్నంతకాలమే తాను మంచిదన్న సంగతి ఆమె తనకు తాను కూడా చెప్పుకోలేదు.

"గట్లేం జెప్పలే అత్తమ్మా. నాకైతే యాదికి లేదు."

"అక్కా," అంది సుమన.

భాగ్యమ్మ లేచి సుమన చేతిలోని పంపు లాక్కుని నడుముకు దోపుకున్న బొడ్లె సంచిలో వేసుకుంది. "ఇది చేతుల ఉన్నన్ని దినాలు నీ దమ్ము పోదు."

తర్వాతి సూదికి వెళ్లినప్పుడు, పంపు వాడుతున్నారా అని నిరంజన్ అడిగాడు. లేదంటే పరిశోధనలోంచి తీసేస్తారని, అసలు మందు పడుతుందేమోనన్న ఆ ఒక్క ఆశ కూడా పోతుందని సుమనకు భయం. వాడుతున్నానంది. పక్కనే ఉన్న అర్చన చేతిసంచి సర్దుకుంటూ ఉండిపోయింది.

పెళ్లిళ్ల గిరాకీ ముందు కొత్త పడుగు ఎక్కించాలని మగ్గాలు సాఫు చేయడం మొదలుపెట్టారు. నరేందర్ మగ్గం కింది గుంటలో ఏళ్లుగా పేరుకున్న నూలు దుమ్మును ఊడ్చమని సుమనకు చెప్పి, భాగ్యమ్మ చుట్టాలను చూడటానికి ఆత్మకూరు బస్సెక్కింది. పంపు ఆమె నడుముకే ఉంది.

అర్చన రెండో మగ్గం మీద నేస్తోంది. గుంటలోంచి ముందు దగ్గు, తర్వాత ఈలలాంటి చప్పుడు వినిపించాయి.

"అక్కా, దమ్ము ఆడ్తలేదు."

"జరంతనే ఉన్నది గదా. అయిపోగొట్టి రా."

కాసేపటికి చీపురు చప్పుడు ఆగిపోయింది. అర్చన దిగి వచ్చి చూసేసరికి సుమన గుంట అంచు పట్టుకుని వేలాడుతోంది. పెదవులు నీలంగా మారాయి. అర్చన కేకేస్తూ బీరువా దగ్గరికి పరుగెత్తి తన పంపు తెచ్చి ఆమె నోట్లో పెట్టి నొక్కింది. రెండుసార్లు మందు వచ్చింది. ఆ తర్వాత వట్టి గాలి. అవసరం లేదు కదా అని కొత్తది తెచ్చుకోలేదు. నరేందర్ వచ్చి భార్యను ఎత్తుకుని ఆటోలో వేసుకున్నాడు. దవాఖాన గేటు దాటకముందే ఆమె చేయి అతని చొక్కాను వదిలేసింది.

సాయంత్రం తిరిగొచ్చిన భాగ్యమ్మ శవం పక్కన చాలాసేపు కూర్చుంది. తర్వాత నరేందర్‌ను మెల్లగా అడిగింది.

"నిజంగనే ఉండెనారా దీనికి దమ్ము?"

దినం అయ్యాక నిరంజన్ వచ్చాడు. మనిషి చనిపోతే ఏ సూది పడిందో జాబితా తెరిచి చూస్తారని, సుమనకు పడింది మందు లేనిదని చెప్పాడు.

"గట్ల ఇస్తరని ముందుగాల జెప్పిన్రా?" అని నరేందర్ అడిగాడు.

"చెప్పాం, అన్నా. ఇద్దరికీ చదివి వినిపించే సంతకాలు తీసుకున్నాం."

నరేందర్ వదిన వైపు తిరిగాడు.

నిరంజన్ కాగితం మీద కలం పెట్టి అడిగాడు, "ఆమె పంపు రోజూ వాడేదా?"

భాగ్యమ్మ చేయి బొడ్లె సంచి మీద ఆగింది.

"వాడుతుండె సార్," అంది అర్చన. "రోజూ."

అతను రాసుకున్నాడు. పరిశోధన ముగిసినా అర్చనకు మరో ఏడాది అసలు మందే ఇస్తామని, ఇష్టమైతే సంతకం పెట్టమని ఇంకో కాగితం తీశాడు. ఆమె పెట్టింది.

నరేందర్ ఆ వారమే నేత మానేసి వనపర్తికి వెళ్లిపోయాడు. అతను సగంలో వదిలేసిన చీరను అర్చన పూర్తి చేసింది. నెల తిరిగాక హైదరాబాదులో రవిక చేయి పైకి మడిచి కూర్చుంది.

"ఆయాసం ఏమైనా ఉందా అమ్మా?" అని నర్సు అడిగింది.

"ఏం లేదు సిస్టర్," అంది అర్చన. నిజంగానే లేదు.