అమ్మోరి మండలు

దక్షిణాఫ్రికాలో అందరూ తొలిసారి ఓట్లేసిన ఆ ఏడాది, ఉంజింటో చెరకు తోటల పైనున్న బోడికొండ మీద బడిపిల్లలూ చుట్టుపక్కల జూలూ ఆడవాళ్లూ కలిసి మొక్కలు నాటారు. వాళ్లలో తెలుగు పిల్ల ప్రేమీ నాటిన వరసకు నీళ్లు మోసేది, అందరూ గోగో, అంటే జూలూలో అమ్మమ్మ, అని పిలిచే ముసలామె.

శుక్రవారం అమ్మోరి పూజకు వేపమండలు తెమ్మంది ప్రేమీ వాళ్ల అవ్వ. ఆ ఊళ్లో వేపచెట్టు లేదు. కొండమీద తాము నాటిన మొక్కల ఆకులు అచ్చం వేపాకుల్లా ఉన్నాయని ప్రేమీ వాటి చిగుళ్లు తుంచి తెచ్చింది.

"అమ్మోరు సల్లగా సూస్తాది," అంటూ అవ్వ వాటిని కలశంలో పెట్టింది.

సోమవారం ప్రేమీ కొండెక్కేసరికి, తలలు తెగిన మొక్కల పక్కన గోగో తన మేకను తాడుతో పట్టుకుని నిలబడి ఉంది.

"ఈ దొంగది తినేసింది. రేపు సంతలో అమ్మేస్తా. కొండకు మేకల్ని తోలొద్దని అందరికీ చెప్పింది నేనే మరి."

కూడా వచ్చిన బడిపిల్లలు నవ్వారు. క్లాసులో పేరు చెప్పడానికే ప్రేమీకి నోరు పెగలదు. మేక ఆమె గౌను అంచు నాకుతోంది.

"మేక కాదు గోగో. నేనే తుంచాను, మా పూజకు."

గోగో వంగి, తెగిన కొసల్ని వేలితో తడిమింది.

"మీ దేవతకు మేకకన్నా ఆకలెక్కువే," అని తాడు వదిలి, నీళ్ల డబ్బా ప్రేమీ చేతికిచ్చింది. "నీళ్లు పొయ్యి. రేపూ రా."

నీళ్లు పోసినంతసేపూ ప్రేమీ తలెత్తలేదు. ఇంట్లో కలశంలో ఆ చిగుళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి.